ఎడమ గీత

ఎడమ గీత కిందికే ఉంది. ఆళ్లగడ్డ చేరేదాకా చూడకూడదని పొద్దున అనుకున్నాను, ఆ మాట నాకే గుర్తొచ్చేలోపు ఫోన్ తీశాను, బస్సు నంద్యాల దాటిందో లేదో. తెర మీద రెండు గీతలు ముందుకు జరుగుతున్నాయి, పైన నీలం, కింద ఎరుపు, నీలం పక్కన కుడి అని, ఎరుపు పక్కన ఎడమ అని నేను పెట్టిన పేర్లు. ఈ బస్సుకు ముందు ఎక్కడో ఇదే రోడ్డు మీద నా భర్త స్టీఫెన్ సైకిల్ తొక్కుకుంటూ పోతున్నాడు. అతని కాళ్లు పెడళ్లను ఎంత బలంగా నొక్కుతున్నాయో ఆ సైకిల్‌కు నేను బిగించిన డబ్బా కొలిచి దాచుకుంటుంది, సిగ్నల్ ఉన్నచోట నాకు పంపుతుంది కూడా. కుడి కాలు బాగా తొక్కుతోంది. ఎడమ కాలు తక్కువ తొక్కుతోంది. ఎడమ కాలేనా అది? ఆ పేరును నమ్మొచ్చా? నిన్న సాయంత్రం నేను అసలేం చేశాను?

పక్కసీటులో ఒక పెద్దామె ఒళ్లో గంప పెట్టుకుని కూర్చుంది. ఎక్కగానే తన పేరు నరసింహమ్మ అని, శిరివెళ్లలో దిగాలని, ఊరొస్తే లేపమని చెప్పింది, కానీ నిద్రపోవడం లేదు, నా ఫోన్ వైపే చూస్తోంది. "ఏందమ్మా ఆ గీతలు, షేర్ మార్కెట్టా?" అంది. కాదవ్వా, మా ఆయన కాళ్లు, అన్నాను. ఆమెకేం అర్థమైందో, నవ్వింది. కిటికీ అవతల శనగచేలు, వాటి వెనక నల్లమల నీలంగా పొడుగ్గా పడుకుని ఉంది. పోయేటప్పుడు ఎడమ పక్కన ఉంటుంది, వచ్చేటప్పుడు కుడి పక్కన. కొండ కదలదు, మనం తిరిగితే దాని పేరు మారిపోతుంది. చిన్నప్పుడు ఏ చేత్తో అన్నం తింటే అది కుడి అని నేర్పించారు, ఇప్పటికీ కుడి అనాలంటే లోపల ఒక ముద్ద కలుపుకుంటాను. డిప్లొమా చదివాను, బెంగళూరులో సర్క్యూట్ బోర్డుల కంపెనీలో పనిచేశాను, అయినా కలుపుకుంటాను. నిన్న కూడా కలుపుకునే ఉంటాను. కలుపుకున్నానా?

మొదటి డబ్బా పెళ్లిలో వచ్చిన స్టీలు టిఫిన్ డబ్బానే. నంద్యాల రైల్వే స్టేషన్ దారిలో మాది సైకిల్ షాపు, ముందు భాగం స్టీఫెన్‌ది, పంచర్లూ చైన్లూ, వెనక భాగంలో నా బల్ల, నా సోల్డరింగ్. బెంగళూరులో సైకిళ్ల కంపెనీ వాళ్లు ఒక కొత్త సైకిల్ తయారుచేశారు, వెనక పొడుగ్గా ఉండేది, పాల క్యాన్లు, కూరగాయల గంపలు మోసేది. దాన్ని మా రోడ్ల మీద, మా ఎండలో, బరువుతో తొక్కించి చూడాలన్నారు. నాతో పనిచేసిన మహేశ్వర్ ఇప్పుడు అక్కడ పెద్ద ఇంజినీరు, అతనే నన్ను అడిగాడు. తొక్కడానికి స్టీఫెన్, కొలవడానికి నేను. ఎంత బాగుండింది ఆ ఎండాకాలం! వేడికి జిగురు కరిగి రేకులు ఊడిపోయేవి. గోరంత రేకు అది, పెడల్‌ను పట్టుకునే ఇనుప కడ్డీకి అంటిస్తాను, కాలు నొక్కితే కడ్డీ కంటికి కనపడనంత వంగుతుంది, ఆ వంపును రేకు కనిపెడుతుంది. ఇనుము వంగడమేంది, నేనేమన్నా భీముణ్ణా, అని స్టీఫెన్ నమ్మలేదు. పెడల్ మీద చిటికెనవేలు పెట్టి నొక్కమన్నాను, గీత లేచింది, అతని కళ్లు చూడాలి అప్పుడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ. ఆ రోజంతా షాపుకొచ్చిన ప్రతివాడి చేతా నొక్కించాడు. వెనక ఇసుక మూటలు కట్టుకుని ఆళ్లగడ్డదాకా పోయొచ్చేవాడు, చెమట కంపుతో వచ్చి బల్ల పక్కన నిలబడి నా గీతలేవే అనేవాడు. అప్పుడు రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకునేవి, ఎక్కడ నీలమో ఎక్కడ ఎరుపో విడదీయలేనట్టు.

వానలప్పుడు మొదలైంది. ఎరుపు కొంచెం జారింది. తేమ వల్ల అనుకున్నాను, ఎవరైనా అదే అనుకుంటారు. రేకు పీకి కొత్తది అంటించాను, మళ్లీ జారింది. జిగురు మార్చాను. వైరు మార్చాను. మహేశ్వర్ ఫోన్ చేసి, "ప్రియా, మీ ఎడమ వైపు రీడింగు నమ్మేట్టు లేదు, పైన మమ్మల్ని అడుగుతున్నారు" అన్నాడు, మర్యాదగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఒక పని చేశాను, లెక్కలోనే ఎడమ అంకెను కొంచెం పెంచే సూత్రం రాశాను. సెన్సరు మెల్లగా దారి తప్పితే అలా సర్దుకోవడం తప్పేం కాదు, పుస్తకాల్లోనూ ఉంది, మహేశ్వర్‌కు చెప్పే చేశాను. గీతలు మళ్లీ కలిశాయి. కొన్నాళ్లకు మళ్లీ విడిపోయాయి, మళ్లీ పెంచాను. ఏమిటి నేను పెంచుతున్నది? ఒకరోజు అన్నం వండుతూ, ఎసరు పొంగుతుంటే మూత తీస్తూ, ఏ కారణమూ లేకుండా, చెడింది రేకు కాకపోతే అనిపించింది. మూత చేతిలోనే ఉంది. ఆవిరి మొహానికి కొడుతోంది. రేకు కాకపోతే మరి ఇంకేముంది అక్కడ? రేకు, కడ్డీ, పెడల్, పెడల్ మీద కాలు.

"ఎడమ కన్ను అదురుతాంది పొద్దుట్నుంచి," అంటోంది నరసింహమ్మ. "ఆడోల్లకు ఎడమ అదిరితే మంచిదే. మొగోల్లకు కుడి." మరి మొగవాడికి ఎడమ?

చెప్పులు. ఇంట్లో నడుస్తుంటే ఎడమ చెప్పు జారి వెనకే ఉండిపోయేది, అతను నాలుగడుగులు వేశాక చూసుకునేవాడు. పాతబడ్డాయి, కొత్తవి కొనుక్కోవయ్యా అని తిట్టాను. కొనుక్కున్నాడు. అవీ జారాయి. ఈసారి సైజు తప్పని తిట్టాను. చర్చిలో ప్రార్థనకు లేచి నిలబడినప్పుడు ముందు బెంచీని పట్టుకుంటున్నాడు, భక్తి పెరిగింది అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను, మా అత్త పద్మమ్మతో కూడా అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. సైకిల్ దిగేటప్పుడు ఎగిరి దిగేవాడు, ఇప్పుడు ఏదో ఒక గోడ పక్కకు తెచ్చి ఆపుతున్నాడు. లేక ఎప్పుడూ అలాగే ఆపేవాడా? నేను ఇప్పుడు భయపడి వెనక్కి పోయి అన్నిటికీ ఎర్ర రంగు పూస్తున్నానా? నలభై నిండని మనిషి. ఎండలో పెరిగిన కాళ్లు. ఇసుక మూటలు మోసే కాళ్లు.

అందుకే ఎడమను పెంచే ఆ సూత్రం మొన్ననే తీసేసి, నిన్న ఒక పరీక్ష పెట్టాను. అతనికి చెప్పలేదు. చెబితే ఎడమ కాలితో ఇంకా గట్టిగా తొక్కుతాడు, నాకు తెలుసు, నా గీత కోసం. రెండు కడ్డీల మీదా రేకు పక్కన చెరో చిన్న సర్క్యూట్ ఉంటుంది, అంకెను పట్టుకుని డబ్బాకు పంపేది అదే. అన్నీ మార్చాను గానీ అవి మాత్రం మొదటినుంచీ అవే. ఎడమ వైపుదాన్ని కుడికి, కుడి వైపుదాన్ని ఎడమకు మార్చి బిగించాను. ఇక డబ్బాలోపలి ప్రోగ్రాంలో పేర్లు కూడా మార్చాలి, ఏ సర్క్యూట్ ఏ కాలిదో కొత్తగా చెప్పాలి. కంప్యూటరు ముందు కూర్చుని మార్చాను కూడా. దాన్ని డబ్బాలోకి ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. పోయినప్పుడు ఎక్కడం అయిపోయిందా? కాలేదా? కరెంటు వచ్చాక మళ్లీ ఎక్కించాను, ఎక్కించాననే గుర్తు, చేతివేలు ఆ మీట నొక్కిన గుర్తు ఉంది, కానీ అది కరెంటు పోకముందు నొక్కిందేమో. పొద్దున లేచి చూద్దామనుకున్నాను. లేచేసరికి, ఎండెక్కకముందే పోదామని, స్టీఫెన్ సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డలో కలుస్తానని మెసేజ్ పెట్టి వెనకే ఈ బస్సెక్కాను.

కాబట్టి, మళ్లీ మొదటినుంచి. ఎరుపు కింద ఉంది, ఎడమ అంటోంది. పేర్లు మారి ఉంటే అది నిజంగా ఎడమ కాలే, సర్క్యూట్ మంచిదే, కాలే తగ్గింది. పేర్లు మారకుండా ఉంటే, ఎడమ అని పేరున్న ఆ పాత సర్క్యూట్ ఇప్పుడు కుడి కాలి దగ్గర ఉంది, అక్కడికి పోయినా అది తక్కువే చూపిస్తోందంటే చెడింది అదే, కాలికి ఏమీ లేదు, పారేసి కొత్తది పెట్టుకుంటాను, అయిపోతుంది. రెండిట్లో ఏది? మారలేదు, మారలేదు, కరెంటు పోయింది కదా. కానీ వేలు. ఆ వేలు నొక్కింది. దేవా, నేను చేసిన వస్తువు తప్పు కావాలి. ఇన్నాళ్లూ ప్రతి ప్రార్థనలో అది సరిగ్గా పనిచేయాలనే అడిగాను, ఇప్పుడు చెడిపోయి ఉండాలని అడుగుతున్నాను, నీకు కూడా తికమకగా ఉంటుందేమో, ఏ ప్రార్థన వినాలో.

చుక్క ఆగిపోయింది. ఫోన్‌లో అతనెక్కడున్నాడో చూపించే చుక్క శిరివెళ్ల దగ్గర నిలబడిపోయింది. గీతలు కూడా నేలకు పడిపోయాయి, రెండూ. సిగ్నల్ లేదేమో. లేక పడిపోయాడా. లారీల రోడ్డు. నేను పంపాను అతన్ని, ఈ పరీక్ష కోసం, చెప్పకుండా. కాల్ చేశాను, మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు, ఎత్తాడు.

"యాడుండావ్?" అన్నాను, అరిచినట్టున్నాను, ముందు సీటు వాళ్లు తిరిగారు.

"టీ తాగుతాండా మే. ఏమైంది, గొంతు అట్లుంది?"

"ఏం లే. బస్సులో ఉండా. కాళ్లేమన్నా నొప్పా?"

"తొక్కితే నొప్పి పుట్టవా? ఏందీ ఈ పొద్దు కొత్తగా అడుగుతాండావ్?"

"ఊరికే."

"గీతలు బాగొస్తాండాయా?"

ఏం చెప్పాలి. వస్తాండాయి, అన్నాను. సరే నేను బయలుదేరతాండా, ఆళ్లగడ్డలో రాతి బొమ్మల కాడ ఉండు, అని పెట్టేశాడు. నరసింహమ్మ గంప సర్దుకుంటూ నన్ను చూస్తోంది. "మీ ఆయనకు బాగలేదా?" అంది. తెలీదవ్వా, అన్నాను. తెలీదు అనే మాట నోటితో అన్నాక మనసుకు ఏదో కొంచెం తేలికైంది, ఎందుకో. ఆమె శిరివెళ్లలో దిగి, కిందనుంచి కిటికీ తట్టి, ఏం కాదులే పో అంది, ఏమిటి కాదో తెలియకుండానే.

ఊరు దాటిన కాసేపటికి అతన్ని చూశాను. బస్సు హారన్ కొడుతూ పక్కకు జరిగింది, కిటికీ కింద పొడుగాటి సైకిల్, వెనక మూటలు, మెడకు తువ్వాలు, నా స్టీఫెన్. పిలవలేదు. చూడాలి, కాలు చూడాలి. కుడి మోకాలు పైకి, కిందికి, పైకి, నల్లగా మెరుస్తూ, ఎంత ముచ్చటగా తిరుగుతోందో. ఎడమది కనపడలేదు. సైకిల్ కడ్డీ అవతల, కుడి కాలి వెనక, ఎక్కడో ఉంది. సీట్లోంచి లేచి కిటికీలోంచి తల బయట పెట్టాను, కండక్టరు అరిచాడు, అప్పటికే అతను వెనకపడిపోయాడు, చిన్నగా అయిపోయాడు, ముందుకు వంగి తొక్కుతున్నాడు, దూరంనుంచి చూస్తే రెండు కాళ్లూ ఒక్కటిగానే ఉన్నాయి. ఏదో పాడుకుంటున్నట్టున్నాడు, లేక రొప్పుతున్నాడు. ఫోన్‌లో ఎరుపు కిందే పోతోంది. మనిషిని చూసినదానికన్నా గీతను చూడ్డమే నాకు అలవాటైపోయిందా అనిపించింది. ఎన్ని నెలలు! షాపులో నా ఎదురుగా తిరుగుతున్న మనిషి, నేను తెర మీద వెతుక్కున్నాను.

ఆళ్లగడ్డలో దిగి రాతి బొమ్మలు చెక్కే షెడ్ల దగ్గర నిలబడ్డాను. రాతి దుమ్ము, ఉలి చప్పుళ్లు, సగం చెక్కిన దేవతలు వరసగా. ఒక బొమ్మకు మొహం పూర్తయింది, కాళ్లు ఇంకా రాయిలోనే ఉన్నాయి. ఎదురుగా నిలబడితే దాని ఎడమ నాకు కుడి అవుతుంది. స్టీఫెన్ కూడా ఎదురుగా వస్తాడు, అప్పుడు ఏ కాలు చూడాలి, లోపల ముద్ద కలుపుకున్నాను, ఆ చేతికి వ్యతిరేకం వైపు, కాదు, అదే వైపు. బుర్ర దిమ్మెక్కిపోయింది. చాలా సులువైన ఉపాయం ఒకటి ఉందని అప్పుడు తట్టింది. ఒక్క కాలితోనే నొక్కమంటే సరి. ఏ గీత లేస్తే అదే ఆ కాలు. ఇంత చిన్న సంగతి బస్సంతా ఎందుకు తట్టలేదు? తట్టకూడదనే అనుకున్నానేమో.

వచ్చాడు. ఒక బండరాయి పక్కకు తెచ్చి, దాని మీద చెయ్యి ఆనించి ఆపాడు. దిగబోతుంటే, దిగొద్దు, అన్నాను. "చక్రం కదలకుండా బ్రేకు గట్టిగా పట్టుకో. ఎడమ కాలితో ఒక్కదానితో నొక్కు. కుడిది ఎత్తేయ్."

"ఏందీ?"

"నొక్కయ్యా."

నొక్కాడు. తెర మీదికి రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, ఆ కాస్తలో ఉలి చప్పుడు, చప్పుడు, చప్పుడు. ఎరుపు లేచింది. నీలం కదల్లేదు. లేచిన ఎరుపు కూడా ఎంతో పైకి పోలేదు.

"ఇంకా గట్టిగా."

"గట్టిగానే నొక్కుతాండా గదా మే."

వేలు నొక్కింది నిజమే. పేర్లు మారాయి. అతని నుదుటి మీద నరం ఉబ్బింది, పళ్లు బిగించాడు, నిజంగానే ఉన్న బలమంతా పెడుతున్నాడు, ఎరుపు అక్కడే ఆగింది. చాల్లే, అన్నాను. ఫోన్ దించాను. అతను నా మొహం చూస్తున్నాడు. ఎలా చెప్పాలో ఆలోచించుకోలేదు, ఇంత దూరం వచ్చినా ఆ ఒక్కటీ ఆలోచించుకోలేదు. నిన్న సర్క్యూట్లు మార్చానని, నీకు చెప్పలేదని, రేకు బాగుందని, జిగురు బాగుందని, అన్నీ బాగున్నాయని చెప్పాను. అతనే అన్నాడు.

"అంటే నీ డబ్బా కరెక్టే."

"అవును."

"మొదట్నుంచీ కరెక్టే?"

"అవును."

"చూసినావా!" అన్నాడు, మొహమంతా వెలిగిపోయింది, రాయి మీద చేత్తో కొట్టాడు. "నేను చెప్పలే? ఆ మహేశ్వర్‌కు ఫోన్ చేసి చెప్పు ఇప్పుడే. మా ఆడమనిషి పెట్టింది తప్పు కాదని చెప్పు. ఎన్నాళ్లు ఏడిపిచ్చినారు నిన్ను!"

అతను నిజంగా సంతోషిస్తున్నాడు. అర్థం కాలేదా, అయిందా? నా డబ్బా గెలిచిందని ఇతను నవ్వుతుంటే నేను నవ్వాలా? నవ్వానేమో కూడా, బుగ్గలు లాగినట్టయింది. "స్టీఫెన్, డబ్బా కరెక్టంటే..." అన్నాను. "తెలిసిందిలే మే," అన్నాడు, నెమ్మదిగా సైకిల్ దిగుతూ. "కాలు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత సైకిల్ నా వైపు తిప్పాడు. "నువ్వెక్కు. నీ గీతలు చూద్దాం."

ఎన్నడూ ఎక్కలేదు నేను, అంత చేసి. ఎక్కాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బొమ్మల మధ్య ఉన్న ఖాళీ స్థలంలో తొక్కాను, వెనక మూటల బరువుకు సైకిల్ ఊగింది, రాళ్లకు తగలకుండా తిప్పాను. స్టీఫెన్ మధ్యలో నిలబడి ఫోన్ చూస్తున్నాడు. "నీకూ తేడా ఉందే!" అని అరిచాడు. "కుడిది తక్కువ! చూడు, అందరికీ ఉంటాది!" ఆ గొంతులో ఆశ. అందరికీ ఉంటుంది, నిజమే, తేడా ఉండడం జబ్బు కాదు, నెలనెలా తగ్గడమే భయం, అది చెప్పాలి. ఒక చుట్టు తిరిగాక చెబుదామనుకున్నాను. ఆ చుట్టు అయిపోయింది. ఇంకో చుట్టు. ఉలి పట్టుకున్న మనిషి పని ఆపి మమ్మల్ని చూస్తున్నాడు. తొక్కినంతసేపు చెప్పక్కర్లేదు, కానీ ఎంతసేపని. అతని ఎదురుగా వచ్చి ఆపాను.

"తేడా ఉండేదానికి కాదయ్యా. తగ్గుతాండాది. వానలప్పట్నుంచి."

అతను తల ఊపాడు. "రేపు డాక్టరు కాడికి పోదాం," అన్నాను. "పోదాం," అన్నాడు వెంటనే, షాపుకు పోదాం అన్నట్టు. తర్వాత, "నువ్వు కూడా లోపలికి రావల్ల," అన్నాడు.

తిరుగు ప్రయాణానికి లగేజీ ఆటో మాట్లాడాను. ఇంకొక్కసారి తొక్కుకుంటూ పోతానని అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. ఇసుక మూటలు దింపి, ముందు చక్రం అతను పట్టుకున్నాడు, వెనక నేను పట్టుకున్నాను, ఊ అన్నాడు, ఇద్దరం ఒక్కసారే లేపాం. బరువంతా నా వైపుకు వచ్చింది. ఈ సైకిల్ వెనక భాగమే బరువు, పొడుగు కదా, ఇనుము ఎక్కువ కదా, ఎవరు పట్టుకున్నా వెనకవాళ్లకే ఎక్కువ వస్తుంది. లేక అతని వైపు తగ్గిందా. ఎంత సైకిల్‌ది, ఎంత అతనిది, చేతులకు తెలియడం లేదు. ఆటో వెనక చెక్కకు మోకాలు ఆనించి ఇంకొంచెం పైకి లేపాను. "బరువుగా ఉండాదా?" అన్నాడు అటువైపు నుంచి. లేదు, నువ్వెక్కించు, అన్నాను.